కారియరులో కంద బచ్చలి

చిక్కడపల్లి, హైదరాబాదు
12 నవంబరు 1969, బుధవారం

ఉదయం మంచు, తరువాత మంచి ఎండ. పెరట్లో దండెం తాడు మార్చాను.

పూజ్యులైన బావగారికి శ్రీరామమూర్తి నమస్కారాలు.

దీపావళికి మీ ఉత్తరం రాలేదు. ఏటా పండగకు ముందే వచ్చేది. మీ సంతకం కింద అక్కయ్య రెండు వాక్యాలు రాసేది. ఇద్దరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ గొడవలు సద్దుమణిగాయి. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని గోడల మీద రాసినవి అలాగే ఉన్నాయి కాని, బస్సులు తిరుగుతున్నాయి. అడితిలో నన్నెవరూ ఏమీ అనలేదు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను కనుక అనడానికి వాళ్లకూ వీలు చిక్కదు. అయిదో తరగతితో ఆగినవాడికి కలప అడితిలో లెక్కలు రాసే పని మీ మాట మీదనే దొరికింది. ఆ కృతజ్ఞతతోనే ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది మీకు రాస్తున్నాను.

కమల దసరా నుంచి నారాయణగూడలో ఒక మహిళా సంఘంలో కుట్టు నేర్పుతోంది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు ఆ సంఘంవాళ్లు ఢిల్లీ నుంచి గ్రాంటు తెచ్చుకొని, భర్త దగ్గర ఉండలేని ఆడవాళ్లు కొన్నాళ్లు తలదాచుకోవడానికి ఒక ఇల్లు తెరిచారు. సాంఘిక సంక్షేమ శాఖ ఈ ఏడాదే పెట్టిన పథకమట. పదహారేళ్ల కిందట కేంద్రంలో సంక్షేమ మండలి పెట్టినప్పుడు కుట్టు మిషన్లూ బాలవాడీలూ వచ్చాయనీ, కుట్టుకు వచ్చినవాళ్లలో కొందరు వాచిన చేతులతో వచ్చేవారనీ, వాళ్లను సాయంత్రం మళ్లీ అదే ఇంటికి పంపడం తప్ప దారి ఉండేది కాదనీ కమల చెప్పింది. ఇదంతా ఆమెకు సంఘం నడిపే విద్యావతిగారు చెప్పారట. నాతో పెళ్లయిన పన్నెండేళ్లలో కమల ఇంత పొడవు మాట ఎన్నడూ మాట్లాడలేదు.

ఆ ఇంటికి జగన్మోహన్ అని ఒక ప్లీడరు వస్తాడు. ఈ ఊరివాడే, స్కూటరు ఉంది. అన్నం తింటుండగా కమల, "జగన్మోహన్ గారు ఎంత నెమ్మదిగా మాట్లాడతారనుకున్నారు! ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగి వింటారు," అంది. నేనూ నెమ్మదిగానే మాట్లాడతాను. అది ఆమెకు గుర్తున్నట్టు లేదు.

పండగ వెళ్లిన దగ్గర నుంచి ఇంట్లో రెండు కారియర్లు కడుతోంది. చిన్నది నాకు, పప్పూ చారూ. పెద్దది, మా పెళ్లికి అక్కయ్య ఇచ్చిన ఇత్తడిది, సాయంత్రం తను పట్టుకెళుతుంది. ఎవరికని అడిగాను.

"అడక్కండి. అక్కడి సంగతులు బయట చెప్పనని మాటిచ్చాను."

"నేను బయటివాడినా?"

"గేటుకు ఇవతల ఉన్నవాళ్లంతా బయటివాళ్లేనండీ," అంది.

మీరు లోకం చూసినవారు. నేనేం చేయాలో రాయండి.

మీ
శ్రీరామమూర్తి


కోనపాలెం
15-11-69

చి. శ్రీరామమూర్తికి వీరరాఘవరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ కోతలు మొదలయ్యాయి, ఊపిరాడటం లేదు, అందుకే పండగకు రాయలేదు. మీ అక్క కార్తీక స్నానాలకు రాజమండ్రిలో మీ పిన్ని దగ్గరకు వెళ్లింది. నెలాఖరుకు వస్తుంది. ఈ మధ్య దానికి మనసు స్థిమితంగా లేదు. తోచిందల్లా మాట్లాడుతోంది. నీకేమైనా ఉత్తరం రాస్తే విప్పకుండా నాకు పంపించు. చదివి నువ్వు అనవసరంగా బాధపడతావు.

ఇక నీ సంగతి. ఒరేయ్ మూర్తీ, నువ్వు మెత్తనివాడివి, అదే నీ జబ్బు. మొగుడూ పెళ్లాల మధ్యకు ఢిల్లీ సర్కారు ఎందుకయ్యా? రోడ్లు వేయమను, కాలవలు తవ్వమను. కాపురాలకు గ్రాంటా! మంచి మాట చెప్పడానికి ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు లేరూ? ఆడది ఎవరికి వండి పెడుతోందో తెలియని మొగుడు మొగుడే కాదు. గొడవ చేయకు. నోరు మూసుకొని కనిపెట్టు. కారియరులో ఏముంటోంది? ఆ ఇల్లు ఎక్కడ? కొత్తగా ఆడవాళ్లెవరైనా మీ ఇంటికి వచ్చారా? ప్రతి చిన్న సంగతీ రాయి. నువ్వు లెక్కలు రాసేవాడివి, నీకు నేర్పాలా?

వీరరాఘవరావు


చిక్కడపల్లి
18 నవంబరు, మంగళవారం

చలి ఎక్కువయింది. కిటికీ రెక్క బిగదీసి గొళ్లెం మేకు మార్చాను.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూశాక ధైర్యం వచ్చింది. అక్కయ్య ఆరోగ్యం గురించి రాసింది చదివి దిగులు పడ్డాను. గోదావరి స్నానంతో కుదుటపడుతుందని ఆశ. ఆమె నుంచి నాకు ఉత్తరమేదీ రాలేదు. మా ఇంటికీ ఎవరూ రాలేదు.

మీరు అడిగినట్టు కనిపెట్టాను. ఆదివారం పొద్దున కమల బజారు నుంచి కంద తెచ్చింది. బావగారూ, నాకు కంద పడదని మీకు తెలుసు. గొంతు దురద పెట్టి వాచిపోతుంది. అందుకని కాపురానికి వచ్చిన దగ్గర నుంచి కమల ఇంట్లోకి కంద రానివ్వలేదు. అలాంటిది, వంటింట్లో కూర్చొని చేతులకు నువ్వుల నూనె రాసుకొని, చెక్కు తీసి, ముక్కలు తరిగింది. బచ్చలి వేసి ఉడికించింది. ఆవ నూరి, దింపాక కలిపింది. ఆ వాసనకు మా అమ్మ ఉన్నప్పటి ఇల్లు గుర్తొచ్చి నేను వీధి అరుగు మీదకు వెళ్లి కూర్చున్నాను. కూర మొత్తం పెద్ద కారియరులోకి ఎత్తింది. నాకు వంకాయ.

"అంత ఇష్టంగా తినేవాళ్లు ఎవరు అక్కడ?" అన్నాను.

"ఉన్నారు. ఇవాళ తింటే చాలు," అంది. కళ్లు తుడుచుకుంది. ఆవ ఘాటు అనుకున్నాను. తరువాత అది ఆవ కాదనిపించింది.

ఈ ఊరి ప్లీడరుకు మన వైపు ఆవ పెట్టిన కూర ఎలా రుచించిందో నాకు అంతుపట్టదు. నేర్పితే రుచిస్తుంది కాబోలు. నాకు పన్నెండేళ్లు చారు పోసిన చెయ్యి ఇంకొకరికి రుచులు నేర్పుతోంది. మీకు కాబట్టి రాస్తున్నాను, నిన్న అడితిలో కూడిక రెండుసార్లు తప్పు వేశాను.

చట్టంలో ఆ ప్లీడరు పట్టు ఎక్కడుందో తెలుసుకోవాలని గ్రంథాలయానికి వెళ్లి యాభై అయిదు నాటి హిందూ వివాహ చట్టం తెలుగు పుస్తకం తీయించుకొని చదివాను. క్రూరత్వం ఉంటే విడిగా ఉండటానికి కోర్టు అనుమతి అడగవచ్చునట. క్రూరత్వమంటే ఎన్ని దెబ్బలని లెక్క లేదు. కలిసి ఉంటే తనకు హాని జరుగుతుందని భయపడటానికి తగిన కారణం ఉండాలి. అంతే. ఒక మనిషి మనసులోని భయం చట్టానికి ఎలా కనపడుతుందో నాకు అర్థం కాలేదు. అయితే కమలకు నా వల్ల భయమేమీ లేదు. ఆ సంగతి మాత్రం ఖాయం. భయముంటే గేటుకు ఇవతల, అవతల అని నాతో అనేదా?

ఆ ఇల్లు ఎక్కడో ఇంకా తెలియదు. తెలుసుకుంటాను.

మీ
శ్రీరామమూర్తి


కోనపాలెం
21-11-69

చి. మూర్తికి ఆశీస్సులు.

కంద బచ్చలి సంగతి రాసి మంచి పని చేశావు. ఆవ దింపాక కలిపిందా, పొయ్యి మీద ఉండగానా? దింపాక అని రాశావు. అలా చేసేది మీ ఇంటి ఆడవాళ్లు. సరే.

ఇక ఆలస్యం చేయకు. ఆమె వెనకాలే వెళ్లు. వీధి, మలుపు, గేటు, గేటుకు తాళం లోపలా బయటా, కాపలావాడు ఉన్నాడా, అన్నీ రాయి. ఇంటి వెనక సందు ఉందేమో చూడు. నువ్వు ఒక్కడివీ లోపలికి వెళ్లకు. ప్లీడర్లతో మాటలు నీవల్ల కాదు. నేను చట్టం తెలిసినవాడిని కనుక్కున్నాను. ఇల్లు విడిచిన భార్యను కాపురానికి పంపమని మొగుడు కూడా కోర్టుకు వెళ్లవచ్చు. ఆ సెక్షను నీకు గ్రంథాలయంలో కనిపించలేదా? కోర్టు దాకా ఎందుకు, చెయ్యి పట్టుకొని రైలెక్కిస్తే సరిపోతుంది. నీ విషయమే చెబుతున్నాను.

మీ అక్క ఎప్పుడూ అంటుంది, మూర్తి మీరు గీసిన గీటు దాటడని. ఆ మాట నిలబెట్టు.

వీరరాఘవరావు


చిక్కడపల్లి
24 నవంబరు, సోమవారం

ఆకాశం నిర్మలం. నిన్న పున్నమి. ఇత్తడి దీపాలు చింతపండుతో తోమి పెట్టాను.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఆజ్ఞ ప్రకారం చేశాను. నిన్న సాయంత్రం కమల గుడికని బయలుదేరింది. ఒక చేతిలో ఒత్తుల పళ్లెం, ఇంకో చేతిలో కారియరు. శివుడికి కారియరు ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. గుడిలో దీపం పెట్టింది. తరువాత నారాయణగూడ వైపు వెళ్లలేదు. అశోక్ నగర్‌లోకి తిరిగింది. నేను ఇటువైపు అరుగుల పక్క నుంచి నడిచాను. ఇంటింటి ముందూ దీపాలు ఉండటం వల్ల ఆమె నీడ నా దాకా వచ్చింది, నా నీడ ఆమెను తాకలేదు.

పిండి మర దాటాక ఎడమ చేతి సందు. చివరి ఇల్లు. బోర్డు లేదు. ఆకుపచ్చ గేటు, దాని మీద కాగితప్పూల తీగ. గొళ్లెం లోపల. కాపలావాడు లేడు, గేటులో చిన్న తలుపు తీసి ఒక పెద్దావిడ చూస్తుంది. వెనక సందు ఉంది, దాంట్లోకి గుమ్మం లేదు. గేటు పక్కన స్కూటరు ఆగి ఉంది.

కమల లోపలికి వెళ్లాక నవ్వు వినిపించింది. కమల నవ్వే. ఇంకొక ఆడ గొంతు కూడా కలిసింది, ఎక్కడో విన్నట్టనిపించింది కాని నా చెవులు స్కూటరు మనిషి గొంతు కోసం వెతుకుతున్నాయి. కమల మా ఇంట్లో అలా నవ్వి ఎంత కాలమైందో. ఆ నవ్వు విని నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆమె వచ్చి, "గుడిలో రద్దీగా ఉందండీ," అంది. సరే అన్నాను.

వచ్చే ఆదివారం గేటు దగ్గరకు వెళ్లి అతన్ని బయటకు పిలుస్తాను. మీరు వద్దన్నారు, తెలుసు. ఈ ఒక్కదానికి క్షమించండి.

అక్కయ్య స్నానాలు ఎలా సాగుతున్నాయి?

మీ
శ్రీరామమూర్తి


కోనపాలెం
27-11-69

మూర్తీ,

గేటు దగ్గరకు వెళ్లకు. ఎవరితోనూ ఏమీ అనకు. నేనే వస్తున్నాను. మా తమ్ముడి కొడుకులిద్దరూ నాతో వస్తారు. గురువారం, నాలుగో తారీకు పొద్దున సికింద్రాబాదులో దిగుతాం. స్టేషనుకు రా. నేరుగా నువ్వు రాసిన ఇంటికి వెళదాం. నీ భార్యకు తెలియనివ్వకు. తెలిస్తే వాళ్లు జాగ్రత్తపడతారు. నువ్వు ఇల్లు చూపించు చాలు, తరువాత పక్కన నిలబడు. నీ కాపురమూ నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది.

వీరరాఘవరావు


చిక్కడపల్లి
1 డిసెంబరు 1969, సోమవారం

పొద్దున మంచు. ఎదురిల్లు కనపడలేదు.

బావగారికి,

మీ కార్డు శనివారం అందింది. స్టేషనుకు నేను రాను. ఎందుకు రానో రాస్తాను. ఈ ఉత్తరం మీరు రైలెక్కే లోపు అందుతుందని ఇవాళే పోస్టు చేస్తున్నాను. అందకపోయినా ఫరవాలేదు, ఇక్కడికి వస్తే ఇవే మాటలు నోటితో చెబుతాను.

మీ పరువు నా కాపురానికి ఎందుకు ముడిపడిందో శనివారం నాకు తట్టలేదు. నా మనసు స్కూటరు మీదే ఉంది. మీ మాట కాదని నిన్న సాయంత్రం అశోక్ నగర్ వెళ్లాను. గేటు తట్టాను. పెద్దావిడ చిన్న తలుపు తీసింది. ఆమే విద్యావతిగారు.

"ఎవరు గావాలె?"

"జగన్మోహన్ గారిని బయటకు పిలవండి."

"ఆయన ఈడ ఉంటడా? వస్తడు, వరండాల కూసోని కాయితాలు రాసుకుంటడు, పోతడు. గడప దాటి లోపటికి పోడు. మొగోళ్లకు పర్మిషన్ లేదు. నువ్వెవరు?"

"నేను కమలాకుమారి భర్తను."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి నవ్వింది. "నువ్వేనా? కంద తిననాయన! జర ఆగు, నా స్కూటర్‌కు అడ్డం నిలబడ్డవ్, పక్కకు జరుగు."

స్కూటరు ఆమెది, బావగారూ. ప్లీడరుది రిపేరుకు ఇచ్చి నెలయిందట. ఆ ముక్క వినగానే నాకు కలిగిన సంతోషం రాయడానికి సిగ్గుగా ఉంది. అది ఎంతో సేపు నిలవలేదు.

లోపలి నుంచి ఒక గొంతు, "ఒరేయ్ మూర్తీ, లోపలికి రాకు. అక్కడే నిలబడు. నేనే వస్తాను," అంది.

పున్నమి నాడు ఎక్కడో విన్నాననుకున్న గొంతు అది. అక్కయ్య గేటు దాకా వచ్చింది. ఎడమ చేత్తో తలుపు పట్టుకుంది. కుడి చేయి గుడ్డలో మెడకు కట్టి ఉంది. మనిషి సగమైంది. దీపావళి ముందు రోజు బయలుదేరి వచ్చిందట. ఆమె రాజమండ్రి వెళ్లలేదని మీకు మొదటి నుంచీ తెలుసు.

ఏమైందని అడిగాను. "పక్క మేడ మీద ఎవరో దగ్గారురా. నాకే సైగ అన్నారు ఆయన. దానికి," అంది.

ఆ దగ్గు ఎవరిదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మీకూ తెలియదు. అంతకు ముందు పాలవాడు, గుడి పూజారి, పుస్తకం ఇవ్వడానికి వచ్చిన మాస్టారు. మీ ఊరి పెద్దలు సర్దుకోమన్నారు. పోలీసులకు రిపోర్టు ఇవ్వబోతే ఇంటి గొడవ ఇంట్లోనే చూసుకోమన్నారు. కమలకు కుట్టు సంఘం చిరునామా మీద రాసింది. నాకెందుకు రాయలేదని అడిగాను.

"నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. 'చూడు, నీ తమ్ముడు నన్ను దేవుడంటున్నాడు, నువ్వు ఎవరితో చెప్పుకుంటావు?' అనేవారు. చదివాక మడిచి జేబులో పెట్టుకునేవారు. తరువాత లేచేవారు," అంది.

పూజ్యులైన అని రాసేవాడిని నేను. ఈ ఉత్తరంలో రాయలేదు, గమనించే ఉంటారు.

అప్పుడు నాకు పున్నమి మర్నాడు పోస్టు చేసిన ఉత్తరం గుర్తొచ్చింది. పిండి మర, ఎడమ చేతి సందు, కాగితప్పూలు. మీ కార్డు జేబులోనే ఉంది. తీసి విద్యావతిగారికిచ్చాను. ఆమె చదివి, "ఎంత పని చేసినవయ్యా! అడ్రస్ ఆయన చేతుల పెట్టినవా?" అని లోపలికి కేక వేసింది. కమల వచ్చింది. కార్డు చదివింది. అక్కయ్య బట్టలు మూట కట్టింది. మిగతావాళ్లవి కూడా. రెండు రిక్షాలు పిలిపించారు. చీకటి పడకముందే ఆ ఇల్లు ఖాళీ అయింది. మీరు వెళితే కాగితప్పూల తీగ కనిపిస్తుంది, గేటు మీద తాళం కనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కడున్నారని కమలను అడిగాను. "మీకు చెప్పను," అంది.

"ఆ ప్లీడరుకు తెలుసా?"

"తెలియాలి కదండీ. కేసు వేసేది ఆయనే."

నా అక్క ఎక్కడుందో ఒక స్కూటరు లేని ప్లీడరుకు తెలుసు, నాకు తెలియదు. రాత్రంతా అదే కుళ్లు. ఇంకా ఉంది. కమల నాకు చెప్పనిది అక్కయ్యకు చెబుతుంది, అక్కయ్య నాకు రాయనిది కమలకు రాసింది, ఇద్దరూ కలిస్తే నేను లేనిచోట అలా నవ్వుతారు. ఆ కుళ్లు వల్లనే మీకు అన్నీ రాశాను. దగ్గు విని మీరు లేచారు, కారియరు చూసి నేను కలం పట్టాను. నేను చెయ్యెత్తలేదు అని రాయబోయి ఆగాను. నా ఉత్తరం మీ చేతికి వచ్చింది కదా.

గ్రంథాలయంలో అర్థం కాని ముక్క ఇప్పుడు అర్థమైంది. భయం కనిపిస్తుంది. నిన్న వీధిలో ఎవరో సైకిలు గంట కొడితే అక్కయ్య గేటు వదిలి గోడకు ఆనుకుంది. జగన్మోహన్ గారు విడిగా ఉండటానికి అర్జీ రాస్తున్నారు. కాపురానికి పంపమని మీరు వేసే అర్జీకి అందులోనే జవాబు ఉంటుందట. కోర్టు నన్ను పిలిస్తే వెళతాను. మీ ఉత్తరాలన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. అడితిలో పని మీ మాట మీద దొరికింది. మీ మాట మీదే పోతే పోనివ్వండి.

గురువారం మా ఇంటికి రావాలనుకుంటే రండి. చిరునామా మీకు తెలుసు. మీ తమ్ముడి కొడుకులు కూడా రావచ్చు. వీధి అరుగు మీద నేనుంటాను. అక్కయ్య ఎక్కడుందో నిజంగానే నాకు తెలియదు. ఇంతవరకు బాధపడ్డాను, ఈ ఉత్తరం రాస్తుంటే మాత్రం తెలియకపోవడమే మంచిదనిపిస్తోంది. తెలిసినా రాయను.

కారియరు మాత్రం ఆగలేదు. చిక్కడపల్లి మలుపు దాకా నన్ను మోయనిస్తానంది కమల. అక్కడ విద్యావతిగారు స్కూటరు ఆపి తీసుకుంటారు. ఎటు వెళతారో చూడకుండా వెనక్కి తిరగాలి. దానికి ఒప్పుకున్నాను. ఇవాళ సాయంత్రం మొదలు.

పైన వాతావరణం రాశాను కాని చేసిన పని రాయడం మరిచాను. పొద్దున కమల కంటే ముందు లేచి, వంటింట్లోకి వెళ్లి, చేతులకు నువ్వుల నూనె రాసుకొని, కంద చెక్కు తీశాను.

శ్రీరామమూర్తి